కొసరు

దేవరకొండ రోడ్డు మీద
గ్రీన్ నెట్టు కింద సైదమ్మ నర్సరీ.
పూలున్న గులాబీ ఎనభై అన్నది.
యాభైకి ఇయ్యరాదు అవ్వా అంటే
నవ్వి, కుండీ నా చేతిలకెల్లి గుంజుకున్నది.

"ఇది మొన్ననే కడియం లారీల దిగింది,
మన బోరు నీళ్లు ఇంకా తాగలే.
పైసలు పువ్వుకు పెడ్తవా, వేరుకా?"

మూలకు, పగిలిన పెయింటు డబ్బాల
మూడాకుల మందారం.
రెండు ఎండకాలాలు చూసిందట.
ఇరవై.
గుప్పెడు వర్మీ కంపోస్టు పైన పోసి
యూరియా సంచిల పెట్టిచ్చింది.

బస్సుల నాకు జీరో టికెట్ కొట్టి
మొక్క కూడా ఆడిదేనా అని
నవ్విండు కండక్టరు.

ఇంటికొచ్చి సంచి దులిపితే
అడుగున ఇంకో కొమ్మ,
తడిగుడ్డల చుట్టి.
ఏం చెట్టో ఇంకా తెల్వదు.