ఒడిసెల

జేమ్స్ నది ఒడ్డున ఓడ ఇంకా పేరుకే ఓడ.
సముద్రం చూడలేదు. రేవులో తాళ్ళకి కట్టేసి ఉంది.
ఇవాళ దాని ఒడిసెలకి పరీక్ష.
విమానం లేదు,
కడుపునిండా నీళ్ళు పోసుకున్న ఎర్ర ఇనపబండి ఒకటి
నదిలోకి విసరడానికి.

నా పని గాజుపలక ముందు.
బరువెంతో చెబితే చాలు,
జానజానకీ కొలుచుకుంటూ, తగ్గించుకుంటూ, పెంచుకుంటూ
ఒక అయస్కాంతం చేతిలోంచి ఇంకోటి అందుకుని తోస్తుంది.
నా గోళ్ళకింద మురికుండదు.

మా నాన్న థర్మన్ బోయ్‌కిన్ గోళ్ళు అలా కాదు.
ఇరవై రెండేళ్ళు డెక్కు కింద
రెండు పొడవాటి సిలిండర్లకి గ్రీజు తినిపించాడు.
అమ్మ ఎన్ని నిమ్మచెక్కలు రుద్దినా
చర్చిలో కూడా మాడిన నూనె వాసనే.
"వాల్వు తెరిచామా, ఇక భారం దేవుడిదే.
పోయే ఆవిరిని వెనక్కి పిలవలేం" అనేవాడు.
ఒక రాత్రి, అరేబియా సముద్రం మీద,
ఆవిరి చాలలేదు.
ఎప్పుడు చెప్పినా అక్కడే ఆపి
ఉప్పు ఇటివ్వమనేవాడు.

రిటైరైన రోజు, వాళ్ళ ఆనవాయితీ,
బూట్లు షటిల్‌కి కట్టి సముద్రంలోకి విసిరేశారు.
ఫ్రిజ్ మీద ఫోటో ఉంది:
మేజోళ్ళతో నిలబడ్డ మనిషి,
బూట్లుండాల్సిన చోట తెల్లటి మబ్బు.

ఇప్పుడు చెవులు పోయాయి. అరికాళ్ళతో వింటాడు.
వీధిలో లారీ పోయినా, వంటింట్లో మూకుడు పడినా
కుర్చీలోంచే చెప్పేస్తాడు.
ఇవాళ దిగువన, పీతల బోనులెత్తే వాళ్ళ పక్కన
మడతకుర్చీ వేసుకుని
బూట్లు విప్పి కూచున్నాడు.

మొదటిసారి నొక్కితే ఏమీ కాలేదు.
ఎక్కడో ఒక ఇన్వర్టరు అలిగింది.
మూడు గంటలు.
ఎనిమిదిమంది ఇంజనీర్లు, తొమ్మిది అభిప్రాయాలు.
నాన్న దగ్గర్నుంచి మెసేజ్:
లొరీన్, సుత్తితో ఒకటిచ్చి చూడు.

నాలుగింటికి వెళ్ళింది.
పొగ లేదు, బుస లేదు. సన్నటి మూలుగొకటి.
ఎర్రబండి గాల్లో తన బరువు మరిచిపోయి
నదిలో గుర్తు తెచ్చుకుంది.

"ఎలా ఉంది?" అని రాసి చూపించాను.
"నేలకేం తెలీలేదు" అన్నాడు.

చాలాసేపటికి, కార్లో,
"నీళ్ళొచ్చాయి. ఆలస్యంగా.
చీలమండ దాకా."
తడిసిన ప్యాంటు అంచు ఎత్తి చూపించాడు.

వంతెన దాటాక
"ఆ రాత్రి ఇది ఉండుంటే" అని,
ఉప్పు కోసం తడుముతున్నట్టు
డాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టాడు.