రెట్ట పడ్డ మన్ను

ఏర్పేడు దాటినాక రోడ్డు దిగితే నారవకుంట.
మోకాటిలోతు నీళ్ళలో ముప్పై తుమ్మచెట్లు,
దూరాన్నించి సున్నం కొట్టినట్టుంటాయి.
దగ్గరికి పోతే వాసన:
ఎండుచేప, పులిసిన మజ్జిగ, అగ్గిపుల్ల ఆరినాక మిగిలే పొగ
మూడూ కలిపి ముక్కుకు కట్టినట్టు.

పైన నత్తగుల్ల కొంగలు. కింద నేను,
నెత్తిన ప్లాస్టిక్ గోతం, చేతిలో ఇనప గొట్టం.
నోటుబుక్కు మీద టప్పున ఒకటి పడుతుంది.
తుడవను. అదీ నమూనానే.

"ఏమ్మా, మన్ను దొంగతనానికొచ్చినావా?"
గేదెల్ని నీళ్ళకు తోలుతా మొగిలప్ప.
"అవును మామా, జానెడు లోతుది."
నవ్వడు. వెనకటికి ఈ కుంట రెట్టనీళ్ళు పారితే
వరికి యూరియా మూట విప్పే పనుండేది కాదంట.
కొంగ రాని ఏడు ఇంటికి అప్పు వచ్చేదని
వాళ్ళ నాయన చెప్పేవాడంట.

నేను వెతికేది వరి కాదు. సీసం.

తూర్పు గట్టు కింద, ఇప్పుడు కంప మొలిచిన చోట,
మా నాయన రేకుల షెడ్డు ఉండేది.
కొండెక్కి దిగి, ఎక్కి దిగి
ప్రాణం పోయిన బస్సుల బ్యాటరీలు
లారీకి లారీ దిగేవి.
సుత్తితో పగలగొట్టి, యాసిడ్ కుంటలోకి వొంచి,
పలకల్ని బాండలిలో కరిగించేవాడు.
కరిగిన సీసం చూసినారా ఎప్పుడైనా?
పైన మీగడ కడుతుంది. గరిటెతో పక్కకు నెడితే
కింద మొహం కనపడుతుంది.
నా మొహం నేను మొదట చూసుకుంది అందులోనే.

తిరుపతి ల్యాబులో
అరవై నాలుగు పొట్లాలు ఆరబెట్టినాను.
ప్రతిదాని మీదా పెన్సిలు రాత:
చెట్టు కింద. చెట్టు లేని చోట. చెట్టు కింద.
తర్వాత జల్లెడ, ఆమ్లం, మంట,
రాత్రి పన్నెండుకు కరెంటు పోతే మళ్ళీ మొదటినుంచి.

యంత్రం చెప్పింది వెంటనే అర్థం కాలేదు.
సీసం రెండుచోట్లా ఉంది. ఉన్నంతా ఉంది.
కాని రెట్ట కిందిది కదలదు.
చేపముల్లులోంచి కొంగ కడుపులోకి,
కడుపులోంచి కొమ్మ కిందికి జారిన భాస్వరం
దాన్ని పట్టుకొని రాయి చేసింది.
వేరు పీల్చబోతే రాదు, నీళ్ళు లాగబోతే రాదు.

కుర్చీలోంచి లేచి
ఎవరికైనా చెప్పాలని వరండాలోకొచ్చి
ఎవరూ లేక మళ్ళీ పోయి కూర్చున్నాను.

అట్లని కొంగ ఏమీ పుణ్యాత్మురాలు కాదు.
అదే రెట్ట పులుపుకు
కాడ్మియం పట్టు వదిలి నీళ్ళలోకి దిగింది.
తుత్తునాగమైతే ఇంకెక్కడి మడుగులోనో మేసి
మోసుకొచ్చి ఇక్కడ పెట్టింది.
తలుపుకు తాళమేసిన చేతే
కిటికీ గడియ తీసింది.
"చివర్లో ఒక్కమాట రాయమ్మా,
మంచిదా చెడ్డదా" అంటాడు మా సారు.
ఆ ఒక్కమాట ఇంతవరకూ దొరకలేదు.

నాయన చిగుళ్ళ అంచున నీలం గీత ఉండేది,
తిలకం పుల్లతో దిద్దినట్టు సన్నగా.
చివరి రెండేళ్ళు కుడి మణికట్టు వాలిపోయి
అన్నం ముద్ద నోటిదాకా పోయేది కాదు.
సీసానికి ఎముకంటే ఇష్టమన్నాడు డాక్టరు.
సున్నమని పొరపడి పోయి కూర్చుంటుందంట,
ఇరవై ఏళ్ళైనా అట్లనే కూర్చుంటుందంట.
అప్పుడు నాకు పద్నాలుగు.
లేపే మందు లేదా అని అడిగినాను.
లేపితేనే ప్రమాదం, కూర్చోనీ, అన్నాడు.

ఆయన్ని పూడ్చింది పడమటి గట్టున.

ఈ ఏడు అక్కడొక తుమ్మ మొలిచింది,
నా భుజమెత్తు. కొంగ వాలితే విరిగేటంత.
గొట్టం దించేముందు ప్రతిసారీ అటు చూస్తాను.
మొన్న దాని చుట్టూ ఎవరో కంప కొట్టినారు,
గేదెలు మేయకుండా.
మొగిలప్ప అరచేతుల్లో ముళ్ళగీతలు.
నేను అడగలేదు.
ఆయన గేదెల్ని తోలుకొని పోయినాడు.