మూడో నంబరు కిటికీ

కాల్‌వుడ్ కౌంటీ కోర్టులో
మూడో నంబరు కిటికీ నాది.
గాజు కింద అరచెయ్యి పట్టేంత సందు.
పదహారేళ్ళుగా ఆ సందులోంచే
మనుషుల్ని చూస్తున్నాను,
ఎక్కువగా వాళ్ళ వేళ్ళని.

బుధవారం పొద్దున్నే ఫోను.
పేరు చెప్పలేదు.
"మా చుట్టాలావిడ ఒకామె ఉంది" అంది.
ఇలాంటి చుట్టాలు నాకు చాలామంది తెలుసు.
ఫోను చేసినవాళ్ళ గొంతులోనే వాళ్ళు భయపడుతుంటారు.
"ఆమె పేరు మీద ఏమైనా ఉందేమో చూస్తారా?"
అక్షరం అక్షరం చెప్పింది,
వేడి గిన్నెని గుడ్డతో దించుతున్నట్టు:
డెల్ఫా రే స్టిడమ్.

ఉంది.
తొమ్మిదేళ్ళ కిందటి మార్చి.
వెనక లైటు వెలగని కారు, చిన్న జరిమానా,
ఒక వాయిదా, రాని మనిషి.
పేరు పిలిచారు. వరండాలో మళ్ళీ పిలిచారు.
గోడలు పలకలేదు.
కింద సంతకం: బెంచ్ వారెంటు.

కాగితానికి కాళ్ళుండవు.
అది ఎవర్నీ తరమదు. ఊరికే కూర్చుంటుంది.
తిండి అడగదు, ముసలిదవదు.
దాని చుట్టూ తిరిగి తిరిగి
అరిగేది మనిషే.

నా తల మీద బోర్డు ఉంది:
గుమాస్తాలు న్యాయ సలహా ఇవ్వరాదు.
ఏది న్యాయం, ఏది సలహా,
ఏది మామూలు మాట,
బోర్డు చెప్పదు.

"మీ చుట్టాలావిడకి చెప్పండి" అన్నాను,
"గురువారం ఎనిమిదిన్నరకి
తమంత తాము నడిచొచ్చినవాళ్ళని
జడ్జిగారు ముందు పిలుస్తారు.
పబ్లిక్ డిఫెండరు వరండాలో రెండో బల్ల దగ్గర ఉంటాడు,
ఎర్ర సాక్సులు, వెతుక్కోనక్కర్లేదు.
పోయిన వారం పదకొండు మంది వచ్చారు.
పదకొండు మందీ మధ్యాహ్నం
తమ ఇళ్ళలోనే తిన్నారు."
అది సలహా కాదు. లెక్క.
అవతల చాలాసేపు ఫ్రిజ్ చప్పుడు ఒక్కటే.

గురువారం ఎనిమిదికే వచ్చింది.
బడి వంటగదిలో పెట్టుకునే జుట్టువల
నుదుటి మీద గీత వదిలింది.
తనిఖీ బల్ల మీద సంచీ తెరిచారు:
బీపీ మాత్రలు, టూత్‌బ్రష్, ఒక జత బట్టలు.
కుక్కని పక్కింటివాళ్ళకి అప్పగించి వచ్చిందట.
జైలుకి సర్దుకుని వచ్చింది.

ఈ తొమ్మిదేళ్ళూ ఏమేం చెయ్యలేదో
ఎర్ర సాక్సులాయనకి చెబుతుంటే విన్నాను.
దొంగ కిటికీ పగలగొడితే పోలీసుల్ని పిలవలేదు.
నది దాటి అక్కని సాగనంపడానికి వెళ్ళలేదు.
పెద్ద వంటమనిషిని చేస్తామంటే
ఫారం నింపాలని వద్దంది.
వెనక లైటు మాత్రం
ప్రతి ఆదివారం చూసుకునేది,
కారుని గోడకి ఆనించినంత దగ్గరగా ఆపి,
బ్రేకు నొక్కి, మెడ తిప్పి,
ఇటుకలు ఎర్రబడుతున్నాయో లేదో.

జడ్జిగారు ఫైలు తిప్పుతూ
ఒక కవరు దగ్గర ఆగారు.
వాయిదా నోటీసు. ఎవరూ విప్పలేదు.
ఆ ఏడు వరదకి ఖాళీ అయిన వీధి నుంచి
పసుపు స్టిక్కరుతో తిరిగొచ్చింది:
ఈ చిరునామాలో లేరు.
"ఇన్నాళ్ళూ ఇది మన దగ్గరే ఉందా?"
అడిగింది ఎవర్నో తెలీదు,
తల దించుకున్నది నేను.
స్టిక్కరు పక్కన "అందింది" ముద్ర, తేదీ,
రెండు పొడి అక్షరాలు.
నావే.

వారెంటు రద్దు. జరిమానా నెలకి పాతిక డాలర్లు.
నాలుగు నిమిషాలు పట్టలేదు.

సందులోంచి వేళ్ళు వచ్చాయి, పాతిక వచ్చింది.
రద్దు కాగితం మీద
అవసరం లేకపోయినా రెండుసార్లు ముద్ర కొట్టాను.
"కారులో పెట్టుకోండి" అన్నాను.
ఇంకో మాట నోటిదాకా వచ్చింది.
ఆమె వెనక వరసలో ఏడుగురు.
తలుపు దాకా వెళ్ళి తిరిగి చూసి
"మా చుట్టాలావిడ మీకు థాంక్స్ చెప్పమంది" అంది.

భోజనాల వేళ
తిరిగొచ్చిన కవర్ల ట్రే ముందుకి లాక్కున్నాను.
శాండ్‌విచ్ కాగితంలోనే ఉంది.
మొదటి నంబరు పనిచెయ్యడం లేదు.
రెండోది మోగింది.
"ఆయన ఇంట్లో లేడండీ"
అన్నాడు ఆయన.