కప్పు

దిబ్బాలో జూలై.
వెనక కొండ వేడి, ముందు సముద్రం వేడి,
మధ్యలో మా క్లబ్బు ఆఫీసు.
ఏసీ నీళ్లు బకెట్లోకి చుక్కచుక్కగా పడుతుంటే
జీతాల పట్టీ ముందు కూర్చుంటాను.
ఇన్నేళ్లలో మేం గెలిచిన ఒకే ఒక్క కప్పులో
నా పెన్నులుంటాయి.

రెండో కప్పు కంటికి కనపడదు.
లీగు వాళ్లు వేసింది, కోటిన్నర దిర్హాముల ఎత్తున.
ఇరవై ఆరుగురి జీతాలూ దాని కిందే
తల వంచుకుని నిలబడాలి.
ఒక్కడు నిక్కినా ఇంటిల్లిపాదికీ జరిమానా.
ఇప్పటికే కోటీ నలభై మూడు లక్షలు.

కోచ్‌కి ఎడంకాలి ఆటగాడు కావాలి.
డకార్ కుర్రాడొకడున్నాడు, ఒప్పందం జూన్‌తో తీరింది.
ఫ్రీ.
పాత క్లబ్బుకి పైసా ఇవ్వక్కర్లేదు.
ఆ ఫ్రీ ఖరీదు పదకొండు లక్షలని
వాడి ఏజెంటు ఫోన్లో నవ్వుతూ చెప్పాడు.

సంతకం డబ్బు మూడు లక్షల్ని మూడేళ్ల మీద
దోసెపిండిలా పలచగా తిప్పాను.
కెప్టెన్‌ని బతిమాలి ఈ ఏటి లక్షని వచ్చే ఏటికి తోశాను.
పందొమ్మిదేళ్ల పిల్లాణ్ణి, అరవై వేల వాణ్ణి,
పక్కూరి క్లబ్బుకి ఒక సీజను అరువిచ్చాను.
రాయచోటిలో మా అమ్మ మూడు చీటీలు నడిపింది,
ఒకటి పాడి ఇంకోటి కట్టేది.
అప్పు చేసి పప్పుకూడని వీధి నవ్వింది గానీ
మా పప్పులో ఉప్పెప్పుడూ తగ్గలేదు.
నా అసలు చదువు అది. బీకాం తర్వాతి సంగతి.

ఇంత చేసినా నలభై వేలు తక్కువ.

జెర్సీలుతికే నర్సింగం టీ పట్టుకొచ్చాడు. కోరుట్ల మనిషి.
"ఫ్రీ ఏజెంటంటె ఏంది సార్?"
ఒప్పందం తీరినోడు, ఇష్టమున్న చోటికి పోవచ్చు, అన్నాను.
"ఆజాద్ వీసా లెక్కనా?"
అతను వచ్చింది దాని మీదే.
ఎనభై వేలకి కొన్న ఆజాదు;
మొహమైనా చూడని కఫీలుకి
మూడేళ్లు నెలనెలా కట్టుకుంటూ తిరిగిన ఆజాదు.
"మరి నా జీతం గీ కప్పుల పడ్తదా?"
పడదు, నీదీ నాదీ కప్పు బయటే.
"గట్లయితె ఎంతన్న పెంచొచ్చు గద సార్!"
నేను టీ తాగాను.

సాయంత్రం ఖమీస్ వచ్చాడు.
పన్నెండేళ్లుగా మా గోలు ముందు నిలబడ్డవాడు,
ఇప్పుడు బెంచీ మీద కూర్చుంటున్నవాడు.
ఎవరు చెప్పారో, లెక్క తెలుసుకునే వచ్చాడు.
"నా దాంట్లో నలభై వేలు కొట్టెయ్. ఉంటాను."
కొట్టేశాను. పట్టీ ఎర్రబడింది.
పదేళ్లు దాటినవాడికి రెండు లక్షల ఇరవై వేలకి
తగ్గించకూడదని నిబంధన.
అతని మేలు కోరి రాసిందే.
స్క్రీను అతనివైపు తిప్పి చూపించాను.
చాలాసేపు చదివాడు,
పెనాల్టీ కొట్టేవాడి భుజం చదివినట్టు.
కుడివైపు దూకాలో ఎడమవైపో తేలక
నిలబడిపోయినట్టు.
తర్వాత నా చెయ్యి పట్టుకుని ఊపాడు.
ఆ వేళ్లు రెండు, ఎప్పుడో విరిగి అతికినవి,
ఇంకా వంకరే.

రాత్రి పదకొండూ యాభై రెండుకి లీగు ఆమోదించింది.
పట్టీ పచ్చబడింది.
లక్షా ఎనభై వేలు మిగిలాయి,
దాంట్లో ఒక కుర్ర గోల్‌కీపర్ వస్తాడట.

తాళం వేసి వస్తుంటే లాండ్రీలో లైటు.
నర్సింగం ఇస్త్రీ పెట్టెతో కాచి
ఇరవై రెండో నంబరు జెర్సీ మీద పేరు ఊడదీస్తున్నాడు,
పుండు మీది పట్టీ తీసినట్టు, ఒక్కో అక్షరం.
గుడ్డంతా వెలిసిపోయింది.
అక్షరాలున్న చోట మాత్రం
కొన్ననాటి నీలం.
"గిది పోదు సార్," అన్నాడు,
"ఎన్నిసార్లు ఉతికినా."