మూతకు ఒక చిల్లు

పొద్దుగాల మంచు ఆరేదాంక గడ్డి కొయ్యొద్దు.
ఆ గంటన్నర బండిది.
షెడ్డు షట్టర్ లేపుతం, నేనూ కుర్మూర్తీ.

జడ్చర్ల దాటినంక మందుల కంపెనీ,
దాని ముంగట ఎనిమిదెకరాల పచ్చిక.
వారం వారం దానికి క్షవరం చేసేదాన్ని నేను.
మొదలు కలుపు పీకే కైకిలికొచ్చిన.
బండి నడిపే మల్లప్ప నడుం పట్టి మానేసిన నాడు
"ఎవరన్న కూసుంటరా?" అన్నడు సూపర్‌వైజర్,
నవ్వుకుంట.
నేను కూసున్న.

కుర్మూర్తి ఐ.టి.ఐ. చదివిండు.
ఇంజను వాని నోటికి ఎరుకే, చేతికే ఇంకా ఎరుక లేదు.
చెప్తున్న:
ముందుగాల గాలి ఫిల్టర్ తియ్యి.
పైనున్న స్పాంజిని సర్ఫు నీళ్లల్ల పిసుకు,
పసిపోరని లాగు పిండినట్టు పిండు, మెలి పెట్టకు.
నీడకు ఆరెయ్యి. ఆరినంక రెండు చుక్కల ఇంజనాయిలు.
లోపలి కాగితం దాన్ని మాత్రం తడపకు,
గాలి గన్నుతోని కొట్టకు,
అరచేతికి తట్టు, చేటను తట్టినట్టు.
ఎండకు అడ్డం పెట్టి చూడు.
మడతల నడుమ వెలుగు కనవడితే ఇంకో నెల నడుస్తది.

వాడు తట్టిండు.
గచ్చు మీద పిడికెడు ఎర్రదుమ్ము.
చీపురు అందుకోబోతే వద్దన్న.
ఎందుకని వాడు అడగలే.

ఇంత చేసినా ఇరవై నిమిషాలకు బండి ఆగుతుండె.
మూడు దినాలాయె.
మొదటి దినం పెట్రోలు సీసల పోసి చూసినం,
వానలప్పటిది, అడుగున నీళ్లు వేరే గీత గీసుకొని ఉన్నయి.
పారబోసి కొత్తది పోసినం.
రెండో దినం కార్బురేటర్ విప్పితే
గిన్నె నిండ తుమ్మబంక తీరు జిగట.
జెట్టు సందుల చీపురుపుల్ల తిప్పినం.
మూడో దినం పైపుల నడిమి చిన్న ఫిల్టర్ మార్చినం,
బాణం గుర్తు ఇంజను దిక్కే పెట్టినం,
ఒకటికి రెండుసార్లు చూసుకొని.

పోతది, పోతది, ట్రాన్స్‌ఫార్మర్ మూలకు పోంగనే
రెండు దగ్గులు దగ్గి నిలవడ్తది.
జెరసేపు వదిలేస్తె మల్ల నడుస్తది.
"ఆడోళ్లకు బండి ఇస్తె గిట్లనే" అన్నడు సూపర్‌వైజర్.
"ఆ మూలకు ఏమన్న ఉన్నదా మొగులమ్మక్కా?"
అన్నడు కుర్మూర్తి, సగం నవ్వుతోని, సగం భయంతోని.
ఏం లేదన్న.

నాలుగో దినం
ఆగిన జాగల్నే టాంకి మూత తిప్పిన.
శ్‌ష్‌ష్...
గాలిని లోపలికి గుంజుకున్నది,
మునిగి తేలినోడు గుంజుకున్నట్టు.
మూత బోర్లిచ్చి చూస్తె
సూది మొనంత చిల్లు ఉండాల్సిన కాడ మట్టి.
ఎండకాలం బండి షెడ్డుల పండుకున్నప్పుడు
కుమ్మరి పురుగు కట్టుకున్న ఇల్లు.
ఎర్రమట్టే. ఎక్కడిదో దానికి ఎరుక, నాకు ఎరుక.

పుస్తెల తాడుకున్న పిన్నీసు తీసి పొడిచిన.
"చూడు బిడ్డా,
పెట్రోలు కిందికి దిగాలంటే పైకెళ్లి గాలి పోవాలె.
టాంకి నిండ ఉన్నా, దారంత సాఫుగున్నా
మూత బిగవట్టుకున్నదనుకో, చుక్క దిగది."
వాడు తలకాయ ఊపిండు.
నేను చెప్పింది నాకే ఇనవడ్డది.

మల్ల మొదటి సాలు నుంచి మొదలువెట్టినం.
ఇరవై నిమిషాలు. ఇరవై రెండు.
ట్రాన్స్‌ఫార్మర్ మూల వచ్చింది,
ఇంజను ఒక్క దగ్గు దగ్గలే.
తాళంచెవి నేనే తిప్పిన.

"గీడ మా బాయి ఉండె" అన్న.
"గా గేటు దాంక ఆముదాలు, ఇటు దిక్కు జొన్న."
కుర్మూర్తి బూట్లు చూసుకుండు,
బాయి మీద నిలవడ్డనేమో అని ఒక అడుగు జరిగిండు.
చానసేపటికి అడిగిండు:
"నీళ్లెట్ల ఉండె అక్కా?"
"ఉప్పగ. ఎంత మంట వెట్టినా పప్పు ఉడుకకపోయేది.
మా అత్త రోజూ తిట్టేది ఆ బాయిని."
వాడు నవ్విండు. నాకూ నవ్వొచ్చింది.

అవుతల గేటు కాడికెళ్లి సూపర్‌వైజర్ చెయ్యి ఊపుతుండు,
మల్ల ఆగిందా అని.

ఆగలే సారూ,
ఆపినం.