కంచె జరిపే వేళ

జూన్ నెల. మాకు నడి చలికాలం.
నైరుతి నుంచి వచ్చిన పంపేరో గాలి
రాత్రంతా రేకు కప్పుని పీకుతూనే ఉంది.
పొయ్యిలో యూకలిప్టస్ మొద్దు ఎప్పుడో ఆరిపోయింది.
మాతే ఆకు మీద వేడినీళ్లు పోసుకుని
కడుపు కాస్త వెచ్చబడ్డాక
బూట్లలో కాళ్లు దూర్చాను.

నూట యాభై ఎకరాలు.
మా తకురెంబో వైపు దాన్ని పొలం అనరు, పెరడు అంటారు.
ముప్పై ఒక్క తల. ఎర్రటి ఒళ్లు, తెల్లటి మొహాలు,
పాలు తాగి మూతి తుడుచుకోవడం మరిచిన పిల్లల్లా.

రోజూ పొద్దున్నే ఒక సన్న తీగని
ముప్పై అడుగులు ముందుకు జరుపుతాను.
అంతే నా సేద్యం.
వాటి వెనక నిన్నటి గడ్డి, అరకొరగా గీసిన గడ్డంలా.
ముందు, వానలు వెనకబట్టినప్పటి నుంచీ
ఎవర్నీ మూతి పెట్టనివ్వకుండా దాచిన పచ్చిక.
"వామో" అంటాను.
కేక కాదు. పక్కగదిలో మనిషిని పిలిచినంత.
తలలు లేస్తాయి, ఊపిర్లు పొగలు పొగలుగా.
ఒకదాని గంగడోలు ఇంకొకదాని వెన్ను రాసుకుంటూ
కొత్త గడ్డిలోకి దిగుతాయి.
ఆ తర్వాత వినాలి,
నాలుక చుట్టి తెంపే చప్పుడు,
ఎవరో పాత దుప్పటి
తీరిగ్గా చింపుతున్నట్టు.

"గడ్డిని పెంచు, పశువు దానంతటదే పెరుగుతుంది"
అనేవాడు మా నాన్న, రెండో గ్లాసు సారా తర్వాత.
పూర్తిగా నిజం కాదు.
కరువొచ్చిన ఏడు
వాగులో బురద పెంకులుగా లేచినప్పుడు
పీపాలతో నీళ్లు మోశాం
నేనూ, తుంటి అరిగిన మా మరిది బౌదీలియో.
అయినా ఐదు సూడి ఆవుల్ని అమ్ముకున్నాం.
కడుపులోవాటికి ఎవరూ ధర కట్టలేదు.

మార్చిలో సెబాయోస్ వచ్చాడు, మరక లేని బూట్లతో.
"వంద రోజులు దొడ్లో కట్టి మొక్కజొన్న పెట్టు.
మనిషికి వంద కిలోలు..." నాలిక కరుచుకుని,
"తలకి వంద కిలోలు ఎక్కువ తూగుతాయి."
లెక్కలు రానిదాన్ని కాదు.
కరెంటు బిల్లు వెనక రాత్రంతా కూడాను.
కూడిక అతని వైపే తేలింది.
తెల్లారింది. తీగ జరపడానికి వెళ్లాను.

మేమూ తింటాం.
ఆదివారం బొగ్గుల మీద, కల్లుప్పు తప్ప ఏమీ తగలకుండా.
ఎముక చీకుతూ మనవరాలు అనాయీ అడుగుతుంది,
ఇది ఏది అని.
చెబుతాను.
ఏదో తెలియకుండా తినడం మా ఇంట్లో లేదు.

ఇవాళ తొమ్మిది కోడెలు.
మూడేళ్లు. వానా ఎండా నా గొంతూ తప్ప
ఇంకేం ఎరగనివి.
లారీ అబ్బాయి కరెంటు కర్ర తీశాడు.
"అది లోపల పెట్టు" అన్నాను.
చెక్కల వాలు మీద ముందు నేనెక్కి
వెనక్కి తిరిగి
"వామో" అన్నాను.
అదే గొంతు.
వచ్చాయి. తోసుకోకుండా, ఒకదాని వెనక ఒకటి,
ముందు పచ్చిక ఉంటుందని.
చివరిది ఆగి నా మోచెయ్యి నాకింది.
దెబ్బ తగల్లేదు, కన్ను బెదరలేదు, పేడ కూడా వేయలేదు.
మంచిగా పెంచడమంటే ఇదే అంటాను అడిగినవాళ్లతో.
దీనికి ఇంకో పేరుంది.
అదీ నాకు తెలుసు.

మర్నాడు తీగ జరిపి నిలబడ్డాను.
ఇరవై రెండు చూస్తున్నాయి.
నోరు తెరిస్తే చలిగాలి లోపలికెళ్లింది, మాట బయటికి రాలేదు.
ఈల వేశాను. చెవులాడించాయి, కదల్లేదు.
నా కోటు పట్టుకుని నిలబడ్డ అనాయీ
కాసేపు నన్నూ వాటినీ చూసి
తనే పిలిచింది, "వామో!"
సన్నటి గొంతు,
ఇంకా దేనికీ వాడనిది.
ఇరవై రెండు తలలు లేచాయి.