ఒక్క 'ఆ'

నీ కచేరీకి ఒక్కసారి కూడా రాలేదు, ఎర్విన్.
చొక్కాల మీద 'నల్ల ఊపిరి' అని అచ్చేయించుకుని
నీ వెంట ఊళ్లు తిరిగిన కుర్రాళ్లెవరూ చూడనిది మాత్రం చూశాను:
నాలుక వెనక, చిన్న అద్దంలో,
తడిగా మెరిసే రెండు తెల్లటి పోగులు.
జనం భయపడేది వీటికా అనిపించేది.

మొదటిసారి వచ్చినప్పుడు నీకు పంతొమ్మిదేళ్లు.
బైటొమ్ వీధుల్లో మంచు, మంచులో ట్యాంకులు,
మాంసం కొట్టులో ఖాళీ కొక్కేలు,
ఆ కొక్కేల ముందు కూడా వరస.
బల్లెక్కి కూర్చుని బూట్లూపుతూ అడిగావు,
"డాక్టరమ్మా, నోట్లో రక్తం రుచి వస్తోంది, పాడొచ్చా?"
వద్దన్నాను.
ఆ రాత్రే పాడావట ట్రామ్ షెడ్డులో,
బీరువా తలుపు కోసి చేసిన గిటారు పక్కన,
కరెంటు పోయాక కూడా.

ఈ అరుపు ఎవరి దగ్గర నేర్చావంటే
గని సైరన్ దగ్గరన్నావు.
నీ ఏడో ఏట అది వేళకాని వేళ మోగింది.
ఆరేస్తున్న దుప్పట్లు వదిలేసి పరుగెత్తింది అమ్మ.
సాయంత్రానికి దుప్పట్లు బొగ్గురంగు తేలాయి.
నాన్న బతికే వచ్చాడు, దగ్గుతూ.
సైరన్ మాత్రం నీలో దిగబడిపోయింది.

ఆ తరవాత నీ చరిత్రంతా నాకు దెబ్బలుగానే తెలుసు.
ఎనభై ఆరులో ముందుపళ్లు రెండు:
వేదిక మీంచి దూకావు,
పట్టుకోవాల్సిన చేతులు చప్పట్లు కొడుతున్నాయి.
ఇంకో ఏడు, మింగేసిన గిటారు మీటు.
పందెం అన్నావు. గెలిచావో లేదో చెప్పలేదు.
బ్రాటిస్లావాలో హోటల్ మూడో అంతస్తు నించి మంచుగుట్టలోకి.
చేతిలో సీసా చెక్కుచెదరలేదట, మోచెయ్యే చెదిరింది.
ఎముకలు నా పని కాదయ్యా అన్నా
నా దగ్గరికే వచ్చావు.
ట్రూడాను పెళ్లాడావు, విడిచావు,
మళ్లీ ట్రూడానే పెళ్లాడావు.
రెండుసార్లూ గొంతు బొంగురే,
నీ 'సరే' రిజిస్ట్రారుకు వినపడలేదు.

చర్చి మెట్ల మీది ముసలమ్మలు
నీకు దెయ్యం పట్టిందన్నారు.
పట్టింది జలుబని నాకు తెలుసు.
ఊరేసిన దోసకాయల నీళ్లు పుక్కిలించి
ఆ జలుబుతోనే నలభై ఊళ్లు తిరిగావు.

సరే, ఒప్పుకుంటాను.
ఒక జూన్ రాత్రి హాలు దాకా వచ్చాను.
కోటు జేబులో టికెట్టుంది.
గోడకు చెయ్యి ఆనిస్తే గోడ కొట్టుకుంటోంది, జ్వరం మనిషి నాడిలా.
లోపలికి అడుగు పడలేదు.
ఆ పోగులు నా కళ్ల ముందే తెగిపోతాయేమోనని.
అది వైద్యురాలి భయమే అనుకుంటాను.

మచ్చ ఎడమ పోగు మీద కనబడింది,
ఆవగింజంత.
నేను మాట కూడదీసుకునేలోపే నా మొహం చదివేశావు.
"గని మూసేస్తున్నారా?" అన్నావు.
మత్తు ఇచ్చేముందు, చేతి అలవాటు కొద్దీ
అద్దం పెట్టి "ఆ అను" అన్నాను.
అన్నావు.
ముప్పై రెండేళ్లలో నీ నోట నేను విన్న పాటంతా ఆ ఒక్క అక్షరమే.
కేక కాదు, రాగం కాదు,
లోపల దీపమున్న గదికి
తలుపు తీసినట్టు.

ఇప్పుడు మేడ మీద మీ నాన్న పావురాల గూడు నీది.
ఈల వేద్దామంటే గాలి నోటిదాకా రాదు,
మెడ మీది చిల్లులోంచే వెళ్లిపోతుంది.
తగరపు డబ్బాలో బఠాణీలు వేసి ఆడిస్తావు.
ముందు ఆ బూడిదరంగుది దిగుతుంది, కుంటిది,
తరవాత మిగతావి.

నిన్న నేను చూస్తుండగానే
కింద రోడ్డు మీద కుర్రాడొకడు నిన్ను గుర్తుపట్టి
రెండు వేళ్లు కొమ్ముల్లా ఎత్తి
గొంతు చించుకుని నీ పేరు అరిచాడు.
నువ్వు పిట్టగోడ మీంచి వంగి
పెదాల మీద వేలు పెట్టావు,
పావురాలు బెదురుతాయని.